పచ్చ ఇంకుతో వేసిన రెండు మార్కులు

మొన్న మా పాత కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్తగా చేరిన సివిక్స్ లెక్చరరట. గొంతు వింటే మీసం కూడా సరిగ్గా వచ్చినట్టు లేదు.

"సార్, నిరంకుశ రాజరికం, పరిమిత రాజరికం పాఠం ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కుతలేదు. మీరు మస్తు చెప్పేటోళ్ళట గద. ఎట్ల చెప్పేటోళ్ళు సార్?"

"గైడులో ఉన్నది ఉన్నట్టు చెప్పు నాయనా. అదే రాయించు. అంతకుమించి ఏం పెట్టుకోకు," అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ముప్పై ఏళ్ళకు పైగా గైడులను తిట్టినవాణ్ణి. క్లాసులో గైడు కనిపిస్తే కిటికీలోంచి బయటికి విసిరినవాణ్ణి. ఆ కుర్రాడికి అలాంటి జవాబు ఎందుకిచ్చానో చెప్పాలంటే ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మా బేగంకి కూడా సగమే తెలుసు. బాబూ, నీ పేరు కూడా అడగకుండా ఫోన్ పెట్టేశాను గనుక, ఇది నీకోసమే అనుకో.

మాది పాల్వంచ. నాన్న దర్జీ. కరెంటు కంపెనీలో షిఫ్టు పని చేసేవాళ్ళకు ఖాకీ బట్టలు కుట్టేవాడు. అర అంగుళం తేడా వచ్చినా ఆ షిఫ్టు మనిషి బట్టలు తెచ్చి మొహాన కొట్టేవాడు. అందుకని నాన్న బట్ట మీద సుద్దతో అంకె వేసినప్పుడల్లా కింద ఒక చిన్న అడ్డగీత గీసి, దాని చివర తోకలా పైకి లాగేవాడు. అంకె తారుమారు కాకుండా అది గుర్తు. చిన్నప్పుడు కొట్లో కూర్చుని నేనూ అలాగే నేర్చుకున్నాను. లెక్చరర్ అయినా ఆ తోక నన్ను వదల్లేదు. ముఖ్యంగా నా రెండు అంకె. పిల్లలు నోటుబుక్కుల్లో దాన్ని చూసి "సార్ రెండుకు తోకుంది" అని నవ్వుకునేవాళ్ళు. వెనకాల నన్ను "కొలత సార్" అనేవాళ్ళు. మార్కుల్లో అర మార్కు అటూ ఇటూ పోనివ్వడని ఆ పేరు. ఆ పేరంటే నాకు ఎంత మురిపెమో! అదే నా కొంప ముంచింది. నా కొంప కూడా కాదు, ఇంకొకరిది.

చివరి ఏళ్ళలో నన్ను పినపాక అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీకి వేశారు. పిల్లల్లో ఎక్కువమంది కోయ గూడేల నుంచి వచ్చేవాళ్ళు. హాస్టల్లో ఉండేవాళ్ళు కొందరు, పొద్దున్నే ఆటోల మీద వేలాడుతూ వచ్చేవాళ్ళు కొందరు. వర్షాకాలం రేకుల కప్పు మీద వాన పడుతుంటే నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు.

అలాంటి ఒక వానరోజు ఈ పాఠం ఎత్తుకున్నాను. ఫ్రాన్సు రాజు గురించి చెప్పాను. దేవుడే తనకు అధికారం ఇచ్చాడనుకునేవాడు, దేవుడికి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనన్నాడు, ప్రజాప్రతినిధుల సభను తరాల తరబడి పిలవనే లేదు అన్నాను. తర్వాత ఇంగ్లండు సంగతి. ఒక రాజు తల తీశారు, ఇంకొకడు సముద్రం దాటి పారిపోయాడు, ఆ తర్వాత వచ్చిన కొత్త రాజు చేత షరతులు ఒప్పించుకుని మరీ సింహాసనం ఎక్కించారు, పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయరాదు, సైన్యం పెట్టరాదు అన్నాను. బోర్డంతా నింపాను. పిల్లలు నన్నూ, బోర్డునూ, పైన కారుతున్న రేకునూ వంతులవారీగా చూశారు. ఒక్కడికీ ఎక్కలేదు.

"అర్థమైందా?"

"అయింది సార్," అన్నారందరూ. ఆ "అయింది" నాకు బాగా తెలుసు.

అప్పుడు చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. మామూలుగా నోరెత్తే పిల్ల కాదు.

"సారూ, ఫ్రాన్సు రాజు మామిడి కొత్త పెట్టకముందే కాయ తింటడు. ఇంగ్లండు రాజు తినరాదు. గంతేగద?"

క్లాసు గొల్లుమంది. నేను సుద్దముక్క కింద పెట్టాను. "ఏంది బిడ్డా, మళ్ళీ చెప్పు."

అప్పుడు చెప్పింది. వాళ్ళ గూడెంలో కొత్తగా కాసిన మామిడిని ఎవరూ ముందుగా నోట పెట్టరాదు. ఊరంతా కూర్చుని రోజు ఖాయం చేయాలి. ఆ రోజు దేవతకు పెట్టాలి. అదే మామిడి కొత్త. ఆ తర్వాతే ఎవరైనా తినాలి.

"పటేలైనా గంతే సారూ. మా తాతనే పటేలు. ఓపాలి అడవిల దూపయి ఓ కాయ కొరికిండు. ఎవరో చూసిన్రు. ఊరు కూసోవెట్టి అడిగింది. 'అవ్, తిన్న' అన్నడు. కోడి దండుగ కట్టిండు. అయిపాయె. మళ్ళ ఆయ్ననే పటేలు."

ముందు బెంచీ కుర్రాడొకడు ఊరుకోలేదు. "తినలేదని అంటే ఏంజేస్తరు?"

"అడిగిననాడు కాదన్నోని కాడ తర్వాత దండుగ తీసుకోరు."

"అంటే ఇడిసిపెడ్తరా?" అన్నాను నేను.

"ఇడిసిపెట్టుడు కాదు సారూ. దండుగ తీసుకుంటే తప్పు తీరిపోతది. తీసుకోకపోతే వానితోనే ఉంటది, సచ్చేదాకా."

వాన తగ్గిందో, నాకే వినపడలేదో తెలియదు. సర్వీసంతా వెతుకుతున్న ఉదాహరణ అది. రాజు కంటే ఊరు పెద్దది, నియమం అందరికంటే పెద్దది, అడిగే నోరు ఒకటుండాలి, జవాబు చెప్పే తల ఒకటుండాలి. పరిమిత రాజరికమంటే ఇంతే కదా! నేను బోర్డు తుడిచేసి, మధ్యలో ఒక మామిడికాయ బొమ్మ వేశాను. నాకు బొమ్మలు రావు. బీరకాయలా వచ్చింది. అయినా ఆ రోజు పాఠం చివరి బెంచీ దాకా వెళ్ళింది.

"బిడ్డా, పరీక్షలో కూడా ఇదే రాయి. ఏ గైడు రాసినోడూ ఇంత బాగా రాయలేడు," అన్నాను. నలభైమంది ముందు అన్నాను.

స్టాఫ్ రూమ్‌లో కూడా ఊరుకోలేదు. వారం రోజులు అదే కథ. మా తెలుగు లెక్చరర్ నన్ను చూస్తే చాలు, "ఏం భాయ్, మీ మామిడికాయ రాజ్యాంగం ఎంతదాకా వచ్చింది?" అని ఆటపట్టించేవాడు. నా పిల్ల, నా పాఠం అని గొప్పలు పోయాను. అది ఆ అమ్మాయి చెప్పిన పాఠమని ఒక్కసారన్నా అన్నానో లేదో గుర్తులేదు.

ఆ అమ్మాయికి ఒక్కటే కోరిక. వాళ్ళ గూడెంలో ఒక గది బడి ఉంది, దానికెప్పుడూ తాళం ఉంటుంది. పంతులు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. ఇంటర్ పాసై, టీచర్ ట్రైనింగ్ చేసి, ఆ తాళం తానే తీయాలని ఆమె ఆశ. "నాకు పెద్ద ఊళ్ళె నౌకరీ వద్దు సారూ. మా బడికే నన్ను ఎయ్యమను," అనేది, ఆర్డర్లు నేనే ఇస్తానన్నట్టు. మొదటి సంవత్సరం పరీక్షలప్పుడు జ్వరం వచ్చి సివిక్స్ పేపరు ఒక్కటి పోయింది. రెండో ఏడాది పేపర్లతో పాటు దాన్ని మళ్ళీ రాసింది. "మామిడికాయ వచ్చింది సారూ!" అని పరీక్ష హాలు బయట చేతులూపుతూ చెప్పింది. అంటే ఆ ప్రశ్న వచ్చిందని. నేను బొటనవేలు పైకి చూపించాను.

తర్వాత స్పాట్ వాల్యుయేషన్. అంటే లెక్చరర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి పేపర్లు దిద్దించడం. ఖమ్మంలో ఒక పెద్ద హాలు, ఎండాకాలం, తిరగనా వద్దా అన్నట్టుండే ఫ్యాన్లు. ఆ ఏడు నేను చీఫ్ ఎగ్జామినర్ని. నా టేబుల్ దగ్గర ఐదారుగురు ఎర్ర ఇంకుతో దిద్దుతారు. వాళ్ళు దిద్దినవాటిలో కొన్ని తీసి నేను పచ్చ ఇంకుతో సరిచూస్తాను. ఎర్ర అంకెను కొట్టేసి పచ్చ అంకె వేస్తే నాదే చెల్లుతుంది. చిన్నపాటి రాజ్యమే అనుకో.

మామూలుగా ఒక జిల్లా పేపర్లు ఆ జిల్లాలో జరిగే క్యాంపుకి రావు. కానీ పాత ఖమ్మం జిల్లా ముక్కలయ్యాక కాగితం మీద మా అడవి మండలాలు వేరే జిల్లా. వేరే జిల్లావి గనుక ఆ కట్టలు నియమం ప్రకారమే ఖమ్మం వచ్చాయి. ఎవరిదీ తప్పు లేదు. పేర్లుండవు, నంబర్లు కూడా చించేసి ఉంటాయి. ఎవరి పేపరో ఎవరికీ తెలియదు.

ఆ రోజు పొద్దున్నే క్యాంపు ఆఫీసర్ అందరినీ నిలబెట్టి క్లాసు పీకాడు. "జవాబుల కీ తప్పితే మెమో. మన పిల్లలు, తెల్సిన పిల్లలు అని ఎవలన్న చెయ్యి జార్చిన్రో, ఖతం. పోయినేడు ఒకాయన పని ఏమైందో మీకు ఎరికే," అన్నాడు. ఎరికే. ఆయన ఎవరో బంధువు కుర్రాడి పేపరు గుర్తుపట్టి మార్కులు పెంచాడు, దొరికాడు. నాకు అప్పటికి రిటైర్మెంట్‌కి రెండేళ్ళు ఉంది.

మధ్యాహ్నం టీ వేళ నా టేబుల్ మీద ఒక మేడం పేపరు ఎత్తి పట్టుకుని నవ్వింది. పెనుబల్లి వైపు ఆవిడ. నెమ్మదిగా మాట్లాడే మనిషి, పేపరు పూర్తిగా చదివి గానీ మార్కు వేయదు. అందుకే అందరికంటే వెనకబడేది.

"సార్, ఇది చూడండి. ఎంత బాగా రాసిందో ఈ పిల్ల! పదికి ఏడు వేశాను," అని పైకే చదవడం మొదలుపెట్టింది. "నిరంకుశ రాజును అడిగేవారు ఉండరు. పరిమిత రాజును ఊరు అడుగుతుంది. మామిడి కొత్త కాకముందు మా పటేల్ కాయ తింటే ఊరి ముందు నిలబడి ఒప్పుకోవాలి. ఇంగ్లండు రాజు కూడా అంతే. ఫ్రాన్సు రాజును అడిగే ఊరు లేదు."

నా గుండె ఒక్కసారి ఎగిరింది. సంతోషంతోనే. నిజం చెబుతున్నాను, మొదట వచ్చింది సంతోషమే. అప్పుడే తలుపు దగ్గర మా తెలుగు లెక్చరర్ కనిపించాడు, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకుని నావైపే వస్తున్నాడు. మామిడికాయ రాజ్యాంగం వారం రోజులు విన్నవాడు. వింటే గుర్తుపడతాడు. గుర్తుపడితే నవ్వుతాడు. నవ్వితే ఎందుకని అందరూ అడుగుతారు. "కొలత సార్" తన పిల్లకు ఏడు మార్కులు వేయించుకున్నాడని సాయంత్రానికి హాలంతా పాకుతుంది. ఇదంతా ఆయన నాలుగు అడుగులు వేసేలోపు నా తలలో తిరిగింది.

"ఇటివ్వండి," అని పేపరు లాక్కున్నాను. "కీలో ఇంగ్లండు ఉంది, ఫ్రాన్సు ఉంది. మామిడికాయ ఉందా మేడం?"

టేబులంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కీ కాగితం తిప్పి చివరి వరస చూపించింది. "విద్యార్థి సొంత మాటల్లో సరైన భావం రాస్తే మార్కులు ఇవ్వవచ్చు అని ఉంది కదండీ."

"అది మన ఇష్టానికి వదిలేశారు. నా ఇష్టం కాదు."

"పోనీ ఒకసారి టోటల్ చూడండి సార్. పిల్ల అంచులో ఉంది."

"టోటల్ చూసి మార్కులు వేయడం మన పని కాదు మేడం," అన్నాను. ఆ మాట ఎంత గట్టిగా అన్నానంటే పక్క టేబుల్ వాళ్ళు కూడా తలెత్తి చూశారు. బాబూ, ఆ మాటలో తప్పేం లేదు. ఇప్పటికీ అది సరైన నియమమే. సరైన నియమాన్ని అడ్డం పెట్టుకుని తప్పు చేయడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. ఏడు కొట్టేసి, పచ్చ ఇంకుతో రెండు వేశాను. అలవాటు ప్రకారం కింద అడ్డగీత, దాని చివర తోక.

ఇంకో దారి ఉంది. "ఇది నాకు తెలిసిన పిల్ల పేపరు, వేరే చీఫ్‌కి ఇవ్వండి" అని రెండు ముక్కలు చెబితే అయిపోయేది. అదే అసలు నియమం. అలా చెప్పడానికి అర నిమిషం పట్టేది. చెప్పలేదు. మా తెలుగు లెక్చరర్ టీ ఇచ్చి, "ఏంది భాయ్ గరమైతున్నవ్?" అని వెళ్ళిపోయాడు. ఆయనకు ఒక్క ముక్క కూడా వినపడలేదట. చాలా రోజుల తర్వాత అడిగితే చెప్పాడు.

ఫలితాలొచ్చాయి. అన్నీ పాసై, సివిక్స్‌లో పోయింది. పాస్‌కు రెండు మార్కులు తక్కువ.

ఫోన్లో ఆ సంఖ్య చూసి ఇంటి అరుగు మీదే కూర్చుని లెక్క వేశాను. ఏడు ఉండనిస్తే దాటేది. నాలుగు వేసినా దాటేది. కీకి కీ, దయకు దయ అని నాలుగు వేసి ఉండొచ్చు. ఆ నాలుగు ఎందుకు తట్టలేదో, ఇప్పటికీ పొద్దున లేవగానే మొదట అదే తడుతుంది.

సప్లిమెంటరీకి ఫీజు కట్టింది. దాంతో పాటు దిద్దిన పేపరు నకలు కూడా తెప్పించుకుంది. అడిగితే ఇస్తారు, కంప్యూటర్లో వస్తుంది. ఆ సంగతి క్లాసులో చెప్పింది నేనే. "మీ పేపరు మీద మీకు హక్కు ఉంది. ఎవరు దిద్దినా అడగండి," అని. కంచే చేను మేసిందని ఊరికే అన్నారా?

ఒక పొద్దున కాలేజీకి వచ్చింది. మే నెల, కాలేజీలో నేనూ, అటెండరూ తప్ప ఎవరూ లేరు. మణుగూరులో ప్రింటు తీయించుకున్న కాగితాలు నా టేబుల్ మీద పరిచింది. మామిడికాయ పేజీ పైకి పెట్టింది. రంగు ప్రింటు. ఎర్ర ఏడు, దాని మీద పచ్చ గీత, పక్కన తోక ఉన్న రెండు.

"సారూ, నేను రాసింది తప్పా?"

"తప్పు కాదు బిడ్డా."

"మీరు చెప్పిందే రాసిన."

"అవును."

తన సివిక్స్ నోటుబుక్కు సంచిలోంచి తీసి, ఒక పేజీ తిప్పి ఆ కాగితం పక్కన పెట్టింది. అక్కడ కూడా ఒక రెండు ఉంది. నేను వేసిందే, ఏదో స్లిప్ టెస్టులో.

"ఈ రెండు మీ రెండేగద సారూ?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా అడిగింది. తాత లాంటి జవాబు వస్తుందనుకుని అడిగింది, ఇప్పుడు నాకు అలాగే అనిపిస్తుంది. అవ్, నాదే అంటే అయిపోయేది. తిట్టేదో, ఏడ్చేదో, తర్వాత కూర్చుని సప్లిమెంటరీకి చదివేది. నేను చదివించేవాణ్ణి. కానీ దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. పేపరు ఎవరు దిద్దారో బయటపడితే, నేను గుర్తుపట్టీ చెప్పలేదని తెలిస్తే, ఇంకో రెండేళ్ళ నౌకరీ, మెమో, పింఛను అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

"కాదు," అన్నాను. "నేను దిద్దింది వేరే జిల్లా పేపర్లు. అక్కడ ఎవరో నాలాగా రాస్తారేమో."

ఆ అమ్మాయి రెండు అంకెలనూ ఇంకోసారి చూసింది. కాగితాలు సర్దుకుంది. "సరే సారూ," అని, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగి నమస్తే పెట్టి వెళ్ళిపోయింది. ఆ నమస్తే పెట్టకుండా పోయినా బాగుండేది.

సప్లిమెంటరీ రోజు మా కాలేజీలోనే సెంటరు. ఇన్విజిలేషన్ నాదే. కిటికీ పక్క బెంచీ మీద ఆమె నంబరు సుద్దతో రాసి ఉంది. గంట కొట్టారు, పేపర్లిచ్చారు. అరగంట దాకా గేటు వైపు చూశాను. ఆ అరగంటా ఆలస్యంగా వచ్చినా రానిద్దామని గేటు దగ్గర అటెండర్ని నిలబెట్టాను. రాలేదు. హాజరు పట్టీలో ఆ నంబరు ఎదురుగా "గైర్హాజరు" అని రాయాల్సింది ఇన్విజిలేటరే. రాశాను. అది కూడా నా చేత్తోనే.

గూడేనికి వెళ్ళి పిలుచుకురావాల్సింది. ఎండ అనుకున్నాను, ఆటోలు లేవనుకున్నాను, వచ్చే ఏడు రాస్తుందిలే అనుకున్నాను. అసలు సంగతి, ఆ కాగితం మళ్ళీ నా ముందు పెడుతుందని భయం. వచ్చే ఏడూ రాయలేదు. మిరప కోతలకు పోతోందని, కూలీల మేస్త్రీ ట్రాక్టరులో కనిపించిందని పిల్లలెవరో చెప్పారు. నేను పూలదండలతో, శాలువాలతో రిటైరయ్యాను. "కొలత తప్పని మనిషి" అని ప్రిన్సిపాల్ మైకులో పొగిడాడు. చప్పట్లు కొట్టారు. మెడలో దండ బరువుకి తల వంచుకున్నాననుకున్నారందరూ.

పింఛను కాగితం చేతికొచ్చాకే నాకు ధైర్యం వచ్చింది. చూశావా, దానికోసమే ఆగాను. పోయిన ఎండాకాలం మొదట్లో మణుగూరు అంగట్లో ఒక నాటుకోడిని కొన్నాను. మా నాన్న గుడ్డ కత్తిరింపులు దాచుకునే పాత సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు "కోడికి కూడా టికెట్ తియ్యాలె పెద్దమనిషీ," అని నవ్వాడు. బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో ఆగిన దగ్గర్నుంచి నడిచాను. దారి పొడుగునా మామిడిచెట్లు. కాయలు చేతికందుతున్నాయి. ఒక్క కాయా ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

గూడెం మొదట్లోనే ఆ బడి. తాళం తుప్పు పట్టి తలుపు రంగులోకి వచ్చేసింది. దాని అరుగు మీద పిల్లలు చింతగింజలతో ఆడుకుంటున్నారు. నన్ను చూసి లేచి పరుగెత్తారు.

ఆ అమ్మాయి ఇంటి ముందు ఇప్పపూలు ఎండబోస్తోంది. చిక్కిపోయింది. చేతుల చర్మం మిరపకాయల ఘాటుకు పగిలి ఉంది. నన్ను చూడగానే లేచి కొంగు సర్దుకుంది. "సారూ! గింత ఎండల వచ్చిన్రేంది? కూసోండ్రి," అని మంచం వాల్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. పంచలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. వాళ్ళ తాత, ఆ మామిడికాయ కొరికిన పటేల్.

నీళ్ళు తాగలేదు. నిలబడే చెప్పాను. "బిడ్డా, ఆ రెండు నాదే. అది నీ పేపరని తెలిసే వేశాను. నువ్వు అడిగితే కాదని అబద్ధం చెప్పాను." సంచిలోంచి కోడిని తీసి ఆమె ముందు పెట్టాను. కాళ్ళు కట్టి ఉన్నాయి గనుక అది అక్కడే పడి కళ్ళార్పుతూ చూసింది. "ఇది దండుగ. మళ్ళీ పరీక్ష రాయి. ఫీజు, పుస్తకాలు, ట్రైనింగ్, అన్నీ నేను చూసుకుంటా."

ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎరికే సారూ. ఆనాడే ఎరికే," అంది.

ముసలాయన తన భాషలో ఏదో అడిగాడు. ఆమె చాలాసేపు చెప్పింది. మధ్యలో ఇంగ్లండు అనే మాట, రాజు అనే మాట వినపడ్డాయి. ఆయన ఇంకో ముక్క అడిగాడు. ఆమె తలదించుకుని ఒక్క మాట చెప్పింది.

"ఏమంటున్నడు బిడ్డా?"

"అడిగిననాడు ఏమన్నడు అని అడుగుతుండు."

"నువ్వేం చెప్పావు?"

"కాదన్నరని చెప్పిన."

ముసలాయన నెమ్మదిగా లేచాడు. కోడిని రెండు చేతులతో ఎత్తి నా సంచిలో పెట్టాడు. తల బయటికి ఉండేలా, ఊపిరాడేలా, జాగ్రత్తగా పెట్టాడు. నన్ను తిట్టలేదు. తిరిగి వెళ్ళి తన చోట కూర్చున్నాడు. నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా, మళ్ళీ వచ్చి మూగిన పిల్లలు చూస్తుండగా ఏడ్చాను.

"ఏడ్వకుండ్రి సారూ," అంది ఆమె. "పరీచ్చ రాయొచ్చు. ఫీజు నాకు లేక కాదు. ఏం రాయాలె సారూ? నాకు ఎరికైంది రాస్తే కాదంటిరి. గైడుల ఉన్నది రాస్తే, రేపు ఆ బడిల పోరలకు కూడ గదే చెప్పాలె గద. గందుకే పోలే."

చెంబు అందుకున్నాను. నీళ్ళు తాగాను. సంచి భుజాన వేసుకున్నాను. ఊరి చివరి దాకా సాగనంపడానికి వచ్చింది. మామిడిచెట్ల దగ్గర ఆగింది.

"దారిల కాయలు రాలి ఉంటయి సారూ. ముట్టకుండ్రి. ఇంక కొత్త పెట్టలే."

నిజంగానే రాలి ఉన్నాయి. దాటుకుంటూ, ఒక్కటి కూడా కాలికి తగలకుండా చూసుకుంటూ నడిచాను.

ఆ కోడి మా ఇంట్లోనే ఉంది. "ఈ ముర్గీని ఎన్ని దినాలు సాకుతరు జీ? ముసల్దైతుంది, కూర కూడ కాదు," అని మా బేగం వారానికోసారి అంటుంది. కోయనివ్వను. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెబుతాను. పొద్దున్నే గింజలు వేయడానికి తలుపు తీస్తే అది నా మొహం వంక చూస్తుంది. నేను గింజలు వేసి లోపలికి వచ్చేస్తాను.

బాబూ, ఫోన్లో నువ్వు అడిగినదానికి ఇదీ జవాబు. పాఠం ఆ అమ్మాయి చెప్పినట్టే చెప్పు, చివరి బెంచీ దాకా వెళుతుంది. మామిడికాయ బొమ్మ నాకంటే బాగానే వేస్తావులే. కానీ పరీక్షలో అదే రాయమని మాత్రం పిల్లలకు చెప్పకు. ఆ పేపరు తిరిగి తిరిగి నాలాంటివాడి చేతికే వస్తుంది.